భారీ రాకెట్ ఏడాదికి ఎన్నిసార్లు ఎగరాలి?

2023 జులై 14న శ్రీహరికోటలో బయలుదేరిన చంద్రయాన్-3 చంద్రుడి నేల మీద దిగింది ఆగస్టు 23న. నలభై రోజుల ప్రయాణం అది. 1969 జులై 16న బయలుదేరిన అపోలో-11 నాలుగు రోజులు తిరిగేసరికి ఇద్దరు మనుషుల్ని అక్కడ దించేసింది. యాభై నాలుగేళ్ల తర్వాత వెళ్లిన మన నౌకకు పదింతల సమయం ఎందుకు పట్టింది? నౌకలో లోపమేమీ లేదు. దాన్ని మోసిన ఎల్‌వీఎం-3 రాకెట్‌కు ఆ బరువును నేరుగా చంద్రుడి దారి పట్టించేంత సత్తువ లేదు. ఒక కొస భూమికి సుమారు 170 కిలోమీటర్ల ఎత్తున, మరో కొస 36,500 కిలోమీటర్ల ఎత్తున ఉండే కోలకక్ష్యలో నౌకను వదిలి రాకెట్ తన పని ముగించుకుంది. అక్కడి నుంచి నౌక భూమికి దగ్గరగా వచ్చినప్పుడు సొంత ఇంజిన్‌ను కాసేపు మండించుకుంటూ, కక్ష్యను విడతలు విడతలుగా సాగదీసుకుంటూ పోయి ఆగస్టు 1న గానీ చంద్రుడి వైపు మళ్లలేకపోయింది. చంద్రుణ్ని చేరాక కక్ష్య తగ్గించుకోవడానికి, దిగవలసిన చోట తెల్లవారేదాకా ఆగడానికి మిగతా రోజులు పట్టాయి. 2013లో మంగళయాన్ కూడా ఇదే పని చేసింది. నవంబరు 5న పీఎస్‌ఎల్‌వీ మీద వెళ్లి, డిసెంబరు 1 దాకా భూమి చుట్టూనే తిరిగి, ఆ తర్వాత అంగారకుడి దారి పట్టింది. ఆ నౌక బరువు 1,337 కిలోలు. అందులో 850 కిలోలకు పైగా ఇంధనమే. అంగారకుణ్ని పరిశీలించే పరికరాలన్నీ కలిపితే దాదాపు 15 కిలోలు. తక్కువ ఖర్చుతో ఇంత సాధించారని ఇస్రోను దేశమంతా మెచ్చుకుంది. ఆ మెప్పుకు వాళ్లు ముమ్మాటికీ అర్హులే. కాకపోతే ఆ మెప్పు చాటున, మన రాకెట్లు దూరప్రయాణాలకు చాలవన్న నిజం చాలాకాలం కనబడకుండా పోయింది.

రాకెట్‌కు బరువు ఎందుకంత భారమవుతుందో ఒక్క ప్రయాణాన్ని లెక్కగట్టి చూస్తే తెలుస్తుంది. ప్రయోగవేదిక మీద నిలబడినప్పుడు ఎల్‌వీఎం-3 బరువు దాదాపు 640 టన్నులు. భూమికి దగ్గరి కక్ష్యలోకి అది చేర్చగలిగేది 8 టన్నుల పైచిలుకు. చంద్రుడి కోసం కోలకక్ష్యలోకి పంపిన చంద్రయాన్-3 బరువు 3.9 టన్నులు. అందులో చంద్రుడి మీదకు దిగడానికి విడివడిన ల్యాండర్ దాదాపు 1,750 కిలోలు. ఆ ల్యాండర్ కడుపులోంచి బయటికొచ్చి నేల మీద నడిచిన ప్రజ్ఞాన్ రోవర్ 26 కిలోలు. దారిలో ఎక్కడా బంకు లేని ఎడారిలో, రానూపోనూ డీజిలంతా తనే మోసుకుపోయే లారీ లాంటిది రాకెట్. చివరి మైలుకు కావలసిన డీజిలు మోయడానికి మొదటి మైలు నుంచీ డీజిలు తగలేయాలి. దగ్గరి కక్ష్యలో నిలవాలంటే సెకనుకు దాదాపు 7.8 కిలోమీటర్ల వేగం చాలు. భూమి ఆకర్షణను పూర్తిగా తెంచుకోవాలంటే 11.2 కిలోమీటర్లు కావాలి. ఈ రెండింటి మధ్య తేడాయే మోయగలిగిన బరువులో సగానికి పైగా మింగేస్తుంది. శ్రీహరికోట భూమధ్యరేఖకు 13.7 డిగ్రీల దూరంలోనే ఉండటంతో తూర్పుదిక్కుకు ఎగిరే రాకెట్‌కు భూభ్రమణం నుంచి సెకనుకు 450 మీటర్ల వేగం ఊరికే దొరుకుతోంది. అంతటి అనువైన చోటు ఉన్నా, మిగతాదంతా రాకెట్టే సంపాదించుకోవాలి.

ఈ లోటు తీర్చడానికే 2024 సెప్టెంబరు 18న కేంద్ర మంత్రివర్గం కొత్త తరం రాకెట్‌కు ఆమోదం తెలిపింది. ఎన్‌జీఎల్‌వీ అని పిలుస్తున్న ఈ వాహనం దగ్గరి కక్ష్యలోకి 30 టన్నుల వరకు మోయాలి. దాని మొదటి దశ తిరిగొచ్చి మళ్లీ ఎగరాలి. ఇప్పటి ఎల్‌వీఎం-3తో పోలిస్తే మూడింతల బరువును ఒకటిన్నర రెట్ల ఖర్చుతో చేర్చాలన్నది లక్ష్యం. మూడు పరీక్షా ప్రయోగాలతో కలిపి 8,240 కోట్ల రూపాయలు, ఎనిమిదేళ్ల గడువు ఇచ్చారు. 2035 నాటికి భారతీయ అంతరిక్ష కేంద్రం, 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడు అన్న రెండు సంకల్పాలకూ ఈ రాకెట్టే ఆధారం. 2025 ఆగస్టులో ఉస్మానియా విశ్వవిద్యాలయ స్నాతకోత్సవానికి వచ్చిన ఇస్రో అధ్యక్షుడు వి. నారాయణన్ ఇంకా పెద్ద ఆలోచనను బయటపెట్టారు. నలభై అంతస్తుల ఎత్తుతో, 75 టన్నుల్ని దగ్గరి కక్ష్యకు చేర్చే రాకెట్ మీద పని జరుగుతోందన్నారు. 1980లో అబ్దుల్ కలాం నాయకత్వంలో ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 బరువు 17 టన్నులైతే, అది మోసింది 35 కిలోలని ఆయనే గుర్తుచేశారు. మర్నాడు పత్రికల్లో నలభై అంతస్తులే పెద్దక్షరాల్లో కనబడ్డాయి. ఎత్తూ టన్నులూ మనసుకు సులువుగా పట్టుకునే కొలతలు. కానీ ఈ రాకెట్ దేశానికి పనికొస్తుందో లేదో తేల్చే కొలత వేరే ఉందని నా వాదన. అది ఏడాదికి ఎన్నిసార్లు ఎగురుతుందన్న లెక్క.

ముందుగా, పెద్ద రాకెట్ అక్కర్లేదనే మాటను పక్కన పెట్టాలి. యంత్రాలు ఓపిక పట్టగలవు. మనిషి పట్టలేడు. భూమి చుట్టూ విద్యుదావేశ కణాలతో నిండిన వాన్ అలెన్ వలయాలున్నాయి. కోలకక్ష్యలో తిరిగే నౌక ప్రతి చుట్టులోనూ వాటిగుండా పోయి రావాలి. మనుషులున్న నౌకను అలా రెండు వారాలు తిప్పితే వాళ్ల ఒంటికి తగిలే రేడియేషన్‌కు ఏ వైద్యుడూ ఒప్పుకోడు. తిండి, నీళ్లు, ఊపిరి, తిరుగుప్రయాణపు ఇంధనం అన్నీ మోయాలి. యంత్రాల విషయంలోనూ శక్తి మిగిలితే దక్కే మేలు తక్కువేమీ కాదు. ఒక్క గ్రాము తగ్గించడానికి ఇంజినీర్లు నెలల తరబడి కుస్తీ పట్టే బదులు, అదనపు బ్యాటరీనో రెండో కంప్యూటర్‌నో పెట్టుకోవచ్చు. నౌకను తేలిక చేయడానికయ్యే ఖర్చు రాకెట్ ఖర్చులో కనబడదు గానీ, చివరికి అదీ జనం డబ్బే.

అయితే భారీ రాకెట్ల చరిత్ర చూస్తే ఉత్సాహంతోపాటు భయమూ కలుగుతుంది. అమెరికా కట్టిన శాటర్న్-5 ఎత్తు 363 అడుగులు. దగ్గరి కక్ష్యలోకి 140 టన్నులు మోసేది. 1967 నుంచి 1973 వరకు పదమూడుసార్లు ఎగిరింది. చంద్రుడి మీద ఇంకా ఎవరూ కాలు పెట్టకముందే, 1968లోనే, దాని తయారీని ఆపాలని నిర్ణయించారు. తయారైపోయి మిగిలినవి ఇప్పుడు ప్రదర్శనశాలల్లో పడుకుని ఉన్నాయి. 1972 డిసెంబరులో చంద్రుడి నుంచి తిరిగొచ్చిన అపోలో-17 తర్వాత యాభై ఏళ్లకు పైగా మరెవరూ ఆ నేల మీద అడుగు పెట్టలేదు. సోవియట్ యూనియన్ పోటీగా కట్టిన ఎన్-1 మొదటి దశలో 30 ఇంజిన్లుండేవి. ఆ దశ మొత్తాన్ని నేల మీద బిగించి మండించి చూసే వేదిక కట్టకుండానే ఎగరేశారు. 1969, 1972 మధ్య నాలుగుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లూ కూలిపోయింది. ఇక నేటి అమెరికా భారీ రాకెట్ ఎస్‌ఎల్‌ఎస్ సంగతి. 2010లో చట్టం చేసి 2016 చివరికల్లా సిద్ధం కావాలన్నారు. తొలిసారి ఎగిరింది 2022 నవంబరు 16న. స్పేస్ షటిల్ కోసం మళ్లీ మళ్లీ వాడేలా తయారుచేసిన ఇంజిన్లనే ఇందులో ఒక్కసారి వాడి సముద్రంలో పారేస్తున్నారు. మనుషుల్ని మళ్లీ చంద్రుడి మీదకు పంపే ఆర్టెమిస్ పథకం తొలి నాలుగు యాత్రల్లో నౌకతో, నేల మీది ఏర్పాట్లతో కలిపి ఒక్కో ప్రయోగానికి 410 కోట్ల డాలర్లు అవుతాయని నాసా సొంత తనిఖీ విభాగమే లెక్కగట్టింది. ఈ మూడింటినీ కట్టినవాళ్లు అసమర్థులు కారు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్న తెగులు ఒకటే. ఒకే గొప్ప పని కోసం పుట్టాయి. ఆ పని అయిపోతే, లేక ఆలస్యమైతే, వాటికి వేరే గిరాకీ లేదు.

రాకెట్ ఎగిరినా ఎగరకపోయినా కర్మాగారం అద్దె, నిపుణుల జీతాలు, పరీక్షా కేంద్రాల నిర్వహణ ఆగవు. ఏడాదికి ఒకే ప్రయోగం జరిగితే ఆ భారమంతా దాని మీదే పడుతుంది. పది జరిగితే పదింటి మీద పంచుకుపోతుంది. డబ్బు కంటే పెద్ద సంగతి చేయి అలవాటు. వెల్డింగ్ చేసే మనిషి, వాల్వులు బిగించే మనిషి, కౌంట్‌డౌన్ నడిపే మనిషి ఆ పనిని నెలనెలా చేస్తుంటే తప్పు ఎక్కడ దొర్లుతుందో వాళ్లకు ముందే తెలుస్తుంది. రెండేళ్లకోసారి చేస్తే ప్రతిసారీ కొత్తగా నేర్చుకున్నట్టే ఉంటుంది.

ఈ కొలతతో చూస్తే మన ఎల్‌వీఎం-3 చరిత్ర గర్వపడేలానూ ఉంది, కలవరపెట్టేలానూ ఉంది. 2002లో దానికి ఆమోదం దొరికింది. 2014 డిసెంబరులో, పనిచేసే క్రయోజెనిక్ (అతిశీతల ఇంధనపు) దశ లేకుండానే, ప్రయోగాత్మకంగా ఎగిరింది. పూర్తి రూపంలో ఎగిరింది 2017 జూన్ 5న. అంటే పదిహేనేళ్లు. ఆ తర్వాత ఒక్క ప్రయోగం కూడా విఫలం కాలేదు. అది మామూలు విషయం కాదు. కానీ 2014 డిసెంబరు నుంచి 2025 డిసెంబరు దాకా, పదకొండేళ్లలో, అది ఎగిరింది తొమ్మిదిసార్లు. చంద్రయాన్-3ను మోసిన 2023 జులై నుంచి 2025 నవంబరు దాకా, రెండేళ్లకు పైగా, ఒక్కసారీ ఎగరలేదు. వైఫల్యమే ఎరగని రాకెట్ అన్నాళ్లు నేల మీద ఉండిపోయింది. కొత్త రాకెట్ మూడింతలు మోసినా ఎగిరే లెక్క ఇలాగే ఉంటే, ఒకటిన్నర రెట్ల ఖర్చుకు మూడింతల బరువన్న హామీ కాగితం దాటి రాదు.

మొదటి దశను తిరిగి దింపుకోవాలన్న నిర్ణయాన్నీ ఈ లెక్కతోనే చూడాలి. మళ్లీ వాడితే చవక అన్నది దానంతటదే నిజమైపోదు. స్పేస్ షటిల్ 1981 నుంచి 2011 వరకు 135 సార్లు ఎగిరింది. తిరిగొచ్చిన ప్రతిసారీ వేల పలకలను, ఇంజిన్లను చూసుకుని సరిచేసుకోవలసి రావడంతో చవక అన్న మాట మాటగానే మిగిలింది. అమెరికా ప్రైవేటు కంపెనీ కట్టిన ఫాల్కన్-9 రాకెట్ ఆ చిక్కును దాటింది. దాని మొదటి దశ, అంటే బూస్టర్, 2015 డిసెంబరులో తొలిసారి నిలువునా నేల మీద దిగింది. ఒకసారి ఎగిరిన బూస్టర్ 2017 మార్చిలో మళ్లీ ఎగిరింది. ఇప్పుడు ఒకే బూస్టర్ 30 సార్లకు పైగా ఎగిరిన సందర్భం ఉంది. దీనికీ మూల్యం ఉంది. ఆ రాకెట్ తన శక్తంతా వాడితే 22 టన్నులకు పైగా మోయగలదు. బూస్టర్ దిగడానికి కాస్త ఇంధనం దాచుకోవాలి కాబట్టి 17, 18 టన్నులతో సరిపెట్టుకుంటుంది. ఏడాదికి రెండుసార్లే ఎగిరే రాకెట్‌కు ఈ నష్టం, కాళ్ల బరువు, దింపే ఏర్పాట్ల ఖర్చు ఎప్పటికీ తిరిగిరావు. 2024లో ఫాల్కన్-9 130 సార్లకు పైగా ఎగిరింది. అందుకే దానికి గిట్టుబాటవుతోంది.

ఎన్‌జీఎల్‌వీకి మీథేన్‌ను ఇంధనంగా ఎంచుకోవడం ఈ కోణంలో చాలా సరైన ఆలోచన. కిరోసిన్ మండితే మసి పేరుకుంటుంది. ఇంజిన్‌ను మళ్లీ వాడాలంటే ఆ మసి వదిలించాలి. ద్రవ హైడ్రోజన్ శుభ్రంగానే మండుతుంది గానీ దాన్ని మైనస్ 253 డిగ్రీల దగ్గర ఉంచాలి. పైగా మరీ పలచన కాబట్టి ట్యాంకులు భారీగా కావాలి. మీథేన్ మైనస్ 161 డిగ్రీల దగ్గరే ద్రవమవుతుంది. తోడుగా మండించే ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర ఉంటుంది. రెండూ దాదాపు ఒకే చలిలో నిలుస్తాయి కాబట్టి ట్యాంకుల కట్టుబడి తేలికవుతుంది. మసి బాధా తక్కువ. ఇన్నేళ్లుగా వికాస్ ఇంజిన్లలో వాడుతూ వచ్చిన విషపూరిత ఇంధనాల బెడదా తప్పుతుంది. అయితే ఇస్రోకు ఇది కొత్త విద్య. కిరోసిన్‌తో నడిచే సెమీ క్రయోజెనిక్ ఇంజిన్ కోసం ఎన్నో ఏళ్లుగా శ్రమిస్తుంటే, దాని ముఖ్యభాగాన్ని మహేంద్రగిరి పరీక్షా కేంద్రంలో విజయవంతంగా మండించి చూసింది 2025 మార్చిలోనే. కాబట్టి కొత్త ఇంజిన్‌కు నేల మీద ఎన్ని వేల సెకన్ల పరీక్షలు చేశారన్నది చూడాలి. గుత్తి గుత్తిగా ఇంజిన్లు బిగించే మొదటి దశను మొత్తంగా మండించే వేదిక కట్టడానికి ఏ మాత్రం వెనకాడకూడదు. ఎన్-1 నేర్పిన పాఠం అదే.

పెద్ద రాకెట్ కావాలన్న మాటకు బలమైన అభ్యంతరం ఒకటుంది. చిన్న రాకెట్లతో ముక్కలు ముక్కలుగా పంపి పైన కలుపుకోవచ్చు కదా, పెద్ద రాకెట్ దేనికి? ఈ ప్రశ్నకు ఇస్రో చేతిలోనే మంచి ఆధారాలున్నాయి. 2025 జనవరి 16న స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండూ కక్ష్యలో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4ను రెండు ఎల్‌వీఎం-3ల మీద విడివిడిగా పంపి, పైన జతకలిపే పథకమూ సిద్ధమైంది. ఈ దారి మంచిదేనని నేనూ ఒప్పుకుంటాను. అయితే ముక్కలు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. ఒక్కో ప్రయోగం నూటికి 95 పాళ్లు నమ్మదగినదనుకుందాం. ఎనిమిది ప్రయోగాలు వరసగా సఫలం కావలసిన యాత్రకు మిగిలే అవకాశం నూటికి 66 పాళ్లే. మొదట వెళ్లిన ముక్కలోని అతిశీతల ఇంధనం చివరి ముక్క వచ్చేదాకా ఆవిరైపోకుండా కాచుకోవాలి. మనిషిని చంద్రుడి మీదకు పంపడానికి 8 టన్నుల ముక్కలు లెక్కకు మించి కావాలి. 30 టన్నుల ముక్కలైతే నాలుగైదుతో పని జరగవచ్చు. జతకలిపే విద్య, పెద్ద రాకెట్ ఒకదానికొకటి పోటీ కావు. పైగా జతకలపాలంటే వారాల తేడాతో వరస ప్రయోగాలు జరగాలి. మళ్లీ అదే లెక్క దగ్గరికి వచ్చాం.

విదేశీ రాకెట్లను బాడుగకు తీసుకోవచ్చన్నది మరో అభ్యంతరం. సమాచార ఉపగ్రహాల విషయంలో అది సబబే. 4.7 టన్నుల జీశాట్-ఎన్2ను 2024 నవంబరులో ఫాల్కన్-9 మీదే పంపాం. దానివల్ల పరువేమీ పోలేదు. కానీ బాడుగ బండి ఎప్పుడు రానంటుందో చెప్పలేం. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక వన్‌వెబ్ కంపెనీ ఉపగ్రహాలను ఎగరేయడానికి రష్యా నిరాకరించింది. బైకనూరు ప్రయోగకేంద్రానికి చేరిన 36 ఉపగ్రహాలు అక్కడే చిక్కుబడిపోయాయి. ఆ కంపెనీ ఆశ్రయించిన రాకెట్లలో మన ఎల్‌వీఎం-3 ఒకటి. శ్రీహరికోట నుంచి రెండు విడతల్లో 72 ఉపగ్రహాలు వెళ్లాయి. ఐరోపా తయారుచేసుకున్న అంగారక రోవర్‌కూ అదే ఏడాది రష్యా రాకెట్ దూరమై ప్రయాణం ఏళ్లకేళ్లు వాయిదా పడింది. మనకైతే 1993 మరువరానిది. అమెరికా ఒత్తిడితో రష్యా క్రయోజెనిక్ పరిజ్ఞానం ఇవ్వకుండా వెనక్కి తగ్గింది. సొంత క్రయోజెనిక్ ఇంజిన్‌తో జీఎస్‌ఎల్‌వీ సఫలమైంది 2014 జనవరి 5న. ఆ ఇరవై ఏళ్లూ మనం చెల్లించిన మూల్యమే. వ్యోమగాములను, అంతరిక్ష కేంద్రాన్ని పరాయి దేశపు రాజకీయాలకు ముడిపెట్టడం నాకు సమ్మతం కాదు.

పేదరికం ఉన్న దేశంలో ఇంత ఖర్చా అన్న ప్రశ్నను తేలిగ్గా తీసిపారేసే హక్కు ఎవరికీ లేదు. 8,240 కోట్లను ఎనిమిదేళ్లకు పంచితే ఏటా దాదాపు 1,030 కోట్లు. 2025-26లో అంతరిక్ష శాఖకు కేటాయించింది సుమారు 13,400 కోట్లు. యాభై లక్షల కోట్లు దాటిన కేంద్ర బడ్జెట్‌లో ఈ రాకెట్ వాటా వెయ్యి రూపాయలకు 20 పైసలు. ఆసుపత్రులకూ బడులకూ డబ్బు చాలకపోవడానికి ఈ 20 పైసలు కారణం కాలేవు. అయినా ఆ డబ్బుకు ఫలితం చూపవలసిన బాధ్యత ఉంది. కట్టి మూలన పెడితే 20 పైసలైనా దండగే. ఈ ఖర్చులో మంచిభాగం దేశంలోని ఫ్యాక్టరీలకే చేరుతుంది. మన రాకెట్ల మోటారు గుల్లలకు కావలసిన ప్రత్యేక ఉక్కు హైదరాబాద్‌లోని మిధాని నుంచే వెళుతోంది. అలాంటి సంస్థలు కొత్త యంత్రాలు కొనాలన్నా, మనుషుల్ని తీసుకోవాలన్నా మూడు రాకెట్ల ఆర్డరు చాలదు. ముప్పై ఉంటాయన్న భరోసా కావాలి.

అందుకే 75 టన్నుల రాకెట్ కంటే ముందు 30 టన్నుల రాకెట్‌ను క్రమం తప్పకుండా ఎగరేయడం నేర్చుకోవాలంటాను. పెద్దదాన్ని వద్దనడం లేదు. చిన్నదానికోసం తయారైన ఇంజిన్లు, దింపే విద్య, పనివాళ్ల చేయి అలవాటు దానికి పునాది కావాలి. ఆ క్రమం తప్పి 2040 గడువు కోసం తొందరపడితే మన చేతిలో మిగిలేది మరో శాటర్న్-5. ఇప్పుడు ఎల్‌వీఎం-3 ఎగరడానికి శ్రీహరికోటలో ఉన్నది రెండో ప్రయోగవేదిక ఒక్కటే. వ్యోమగాములను పంపే గగన్‌యాన్ కూడా దాని మీదే ఆధారపడి ఉంది. అక్కడ ఏదైనా ప్రమాదం జరిగితే మన భారీ ప్రయోగాలన్నీ ఆగిపోతాయి. దాదాపు 3,985 కోట్లతో, నాలుగేళ్లలో మూడో వేదిక కట్టాలని 2025 జనవరిలో తీసుకున్న నిర్ణయానికి రాకెట్‌కు దక్కినంత ప్రచారం దక్కలేదు. నా దృష్టిలో రెండూ సమానమే. వేదిక ఆలస్యమైతే రాకెట్ సిద్ధమైనా నిలబడే చోటుండదు.

వేదిక, రాకెట్ రెండూ సిద్ధమయ్యాక మోయడానికి సరుకు కావాలి. మంజూరైన మూడు పరీక్షా ప్రయోగాలు అయ్యాక నాలుగోదాన్ని ఎవరు కొంటారు? దీనికి నాసా చూపిన ఒక దారి ఉంది. 2008 డిసెంబరులో, ఫాల్కన్-9 ఇంకా ఒక్కసారీ ఎగరకముందే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు చేర్చే పన్నెండు ప్రయాణాలకు దాన్ని కట్టే కంపెనీతో 160 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. ఆ ముందస్తు గిరాకీ లేకపోతే ఆ రాకెట్ ఈ స్థాయికి వచ్చేదని నేననుకోను. మన అంతరిక్ష కేంద్రానికి ఐదు భాగాలు పంపాలి. ఆ తర్వాత ఏటా వ్యోమగాములు, నీళ్లు, ఆహారం, ఇంధనం, విడిభాగాలు వెళుతూనే ఉండాలి. వాటితోపాటు రాబోయే చంద్రయాన్‌లు, గ్రహయాత్రలు, రక్షణ శాఖ ఉపగ్రహాలు ఉన్నాయి. వీటిని ఒక్కొక్కటిగా మంత్రివర్గం ముందు పెట్టడం మాని, పది పదిహేనేళ్ల ప్రయాణాల పట్టీగా కలిపి, ఇన్ని ప్రయోగాలు కొంటామని ప్రభుత్వం ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. రాకెట్‌ను తయారుచేసే పరిశ్రమలు తమ కర్మాగారాల సైజును ఆ పట్టీ చూసే నిర్ణయించుకుంటాయి.